అష్టమి నాటి పేచీ

అచ్యుతాపురం జంక్షన్లో నేను టీ తాగే కొట్టు గోడకి రెండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. ఒకటి బంగారం షాపు వాళ్లది, రెండోది ఎరువుల డీలరు పంచింది. మొన్న అష్టమి ఎప్పటిదాకా ఉందా అని చూస్తే రెండింటికీ మూడు గంటల పైన తేడా. ఒళ్లు మండింది. నా పాత పాట మీకు తెలిసిందే: అందరికీ ఒకే గణితం ఉండాలి, అదీ పాత సిద్ధాంత గణితం కాదు, ఆకాశంలో కనిపించేదానికి సరిపోయే దృగ్గణితమే అయ్యుండాలి. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ కమిటీ వేసింది అందుకేగా! 1957 మార్చి 22న జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చింది, రాష్ట్రీయ పంచాంగమూ వచ్చింది. గెజిట్లో శక తేదీ చేరింది గానీ పురోహితుడి సంచిలో పుస్తకం మారలేదు.

అష్టమి అనగానే పూడిమడక గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట అక్కడ ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని, "తాతా, పంచాంగం చూసే వేటకెళ్తారా?" అని అడిగాను. చేతిలో నూలుకండె ఆపకుండానే నవ్వాడు. "పంచాంగం దేనికి బాబూ? అమాసకీ పున్నానికీ సంద్రం ఎగస్తాది, అష్టమికి పడుకుంటాది. సూస్తే తెలీదేటి?" అన్నాడు. పోటు వేళ ఎలా కడతారంటే, అరచెయ్యి చాపి వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుతూ చూపించాడు. కణుపుకో తిథి, తిథికి రెండేసి ఘడియల ఆలస్యం. రెండు ఘడియలంటే 48 నిమిషాలు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. భూమి అంత తిరగడానికి పట్టేదీ ఆ 48 నిమిషాలే. సాహాగారి కమిటీలో కూర్చోదగ్గ మనిషి.

ఆ ముసలాయన మాటలో నాకు అప్పుడు తట్టనిది ఇంకోటుంది. పాత సిద్ధాంత గణితానికి పరీక్ష గ్రహణాలే. గ్రహణాలు పట్టేది అమావాస్యకో పౌర్ణమికో. అందుకే ఆ రెండు రోజుల్లో పాత లెక్క దృక్కుకి దగ్గరగా నిలుస్తుంది, పక్షం మధ్యకొచ్చేసరికి గంటల కొద్దీ జారుతుంది. సంద్రం ఎగసినప్పుడు పంచాంగాలు రాజీపడతాయి, అది పడుకున్నప్పుడు తగువాడుకుంటాయి.

మరైతే అమావాస్య పండగకి తగువుండకూడదు. 2024 దీపావళికి ఉంది! దృగ్గణితం ఒక్కటే పట్టుకున్నా, అక్టోబరు 31 మధ్యాహ్నం దాటాక వచ్చిన అమావాస్య నవంబరు 1 సాయంత్రం ఆరు దాటేదాకా ఉంది. రెండు రోజులూ సూర్యాస్తమయానికి అమావాస్యే. రాత్రంతా ఉన్న రోజు ముఖ్యమా, మర్నాటి ప్రదోషమా అన్నది ధర్మసింధు, నిర్ణయసింధు లాంటి ధర్మశాస్త్ర గ్రంథాలు చూసి తేల్చాల్సిన మాట. గణితం చేతిలో లేదు. ఇన్నాళ్ల నా వాదనకి అక్కడే గండి పడింది.

మన సర్కారు సెలవు 31నే. సెజ్‌లో కుట్టుపని చేసే మా వీధి అమ్మాయికి ఆ రోజు షిఫ్టు పడింది. ఒకటో తారీకు సాయంత్రం దీపాలు పెట్టుకుంది, వాళ్లింటి పంతులుగారు సరేనన్నారు. రెండు లెక్కలూ, రెండు రోజులూ ఉండనివ్వండి. ఇలాంటి పండగలకి ఏ రోజు సెలవు కావాలో పనిచేసేవాళ్లనే ఎంచుకోనిస్తే చాలు. అర్జీ పెట్టాలంటే కార్మిక శాఖకి పెడతాను.