నూవ్ షాపెల్: సిపాయి మాట, కెమెరా చూపు

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు గడ్డపై పోరాడిన భారతీయ సిపాయిల అనుభవాన్ని తెలుసుకోవటానికి చరిత్రకారులకు ముఖ్యంగా మిగిలినవి వారు ఇళ్లకు రాయించిన ఉత్తరాలు, సైన్యం అనుమతితో తీసిన ఛాయాచిత్రాలు. వీటిలో ఏ ఒక్కదాన్నీ యథాతథంగా నమ్మటానికి వీలు లేకపోయినా, రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒకటి దాచినదాన్ని మరొకదాని సాయంతో రాబట్టే పద్ధతి గత కొన్ని దశాబ్దాలలో బలపడింది. 1915 మార్చి 10న మొదలై మూడు రోజులకు పైగా సాగిన నూవ్ షాపెల్ యుద్ధం ఆ పద్ధతికి మంచి ఉదాహరణ.

ఆ యుద్ధానికి ముందు బ్రిటిష్ వైమానిక దళం శత్రువుల కందకాలను, అంటే సైనికులు తలదాచుకొని పోరాడేందుకు తవ్వుకున్న పొడవాటి గుంటలను, ఆకాశం నుంచి ఫొటోలు తీసి, వాటి ఆధారంగా పటాలు గీయించి దాడికి వెళ్లే దళాలకు పంచింది. ఇంత విస్తృతంగా వైమానిక చిత్రాలను నమ్ముకొని సాగించిన తొలి దాడులలో ఇది ఒకటి. 35 నిమిషాల ఫిరంగి కాల్పుల తరువాత లాహోరు, మీరట్ డివిజన్లతో కూడిన ఇండియన్ కోర్, బ్రిటిష్ దళాలతో కలిసి తొలిరోజే నూవ్ షాపెల్ గ్రామాన్ని పట్టుకున్నా, ముందువరుస నుంచి కబుర్లు అందక, ఆజ్ఞలు ఆలస్యమై, దాడి అక్కడితో నిలిచిపోయింది. ఒక్క ఇండియన్ కోర్‌లోనే నాలుగు వేల మందికి పైగా చనిపోవటమో గాయపడటమో జరిగింది. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబర్ సింగ్ నేగి తొలిరోజే నేలకొరిగి, మరణానంతరం విక్టోరియా క్రాస్ పొందాడు. వైమానిక చిత్రంలో కందకం ఎక్కడ వంపు తిరిగిందో స్పష్టంగా కనిపిస్తుంది గాని, ఆ వంపు దగ్గర నిలబడిన మనిషికి ఏమి కనిపించిందో చెప్పటానికి సిపాయి మాట తప్ప మరో దారి లేదు.

ఆ మాట మనదాకా చేరిన తీరు మాత్రం చాలా వంకరది. సిపాయిలలో అధికశాతం చదువురానివారు కావటంతో ఉత్తరం మరొకరి చేత రాయించేవారు, ఊళ్లో దాన్ని మరొకరు పదిమంది ముందు చదివి వినిపించేవారు. మధ్యలో సెన్సారు, అంటే ఉత్తరాలను తెరిచి పరిశీలించే సైనిక కార్యాలయం, కొన్ని భాగాలను ఇంగ్లీషులోకి అనువదించి నివేదికలకు జతచేసేది. మూల ఉత్తరాలు చాలావరకు కాలగర్భంలో కలిసిపోగా, ఆ అనువాదాలే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. తమ ఉత్తరం పరాయివాళ్లు చదువుతారని తెలిసిన సిపాయిలు గుప్తసంకేతాలు వాడారు. నల్ల మిరియాలంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు. సరుకు నిల్వల కబురులా కనిపించే వాక్యం నిజానికి ఏ దళాలు ఎంత నష్టపోయాయో చెప్పే వార్త. అందువల్ల ఈ ఉత్తరాలను చదివేవారు చెప్పినదాని వెంటే చెప్పకుండా వదిలినదాన్నీ, ఎవరికి వినిపించాలని చెప్పారన్నదాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఛాయాచిత్రాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 1915 వేసవిలో భారతీయ దళాల చిత్రాలు తీసిన గర్డ్‌వుడ్ అనే ఫొటోగ్రాఫర్, దాడి దృశ్యాలుగా చూపినవాటిలో కొన్నింటిని ముందువరుసకు దూరంగా సిపాయిల చేత నటింపజేసి తీశాడు. కెమెరా నిలబడిన చోటు శత్రువు తుపాకీకి ఎదురుగా ఉండే చోటే అయితే, అది నిజమైన దాడి కావటం దాదాపు అసాధ్యమని పరిశీలకులు గుర్తిస్తారు. నీడల దిశ, బట్టల శుభ్రత, భుజంమీది దళం గుర్తు, తలపాగా కట్టిన తీరు ఒక్కొక్కటీ సాక్ష్యమే. ఇలా నటన అని తేలిన చిత్రాన్ని పారవేయటం మాత్రం తప్పు. ఆ సిపాయి ముఖం, అలసట, చేతిలోని రైఫిల్ నిజమైనవే. మరింత బాధ కలిగించేది చిత్రాల కింద రాసిన వివరణ: అధికారులకు పేర్లుంటాయి, సిపాయిలు తరచుగా ‘భారతీయ సైనికులు’గా మిగిలిపోతారు.

మరో రకం ఆధారం జర్మనీలో పుట్టింది. బెర్లిన్ సమీపంలోని వ్యున్స్‌డార్ఫ్ యుద్ధఖైదీల శిబిరంలో భాషాశాస్త్రవేత్తలు ఖైదీల గొంతులను రికార్డు చేశారు. మాటలను ముందే రాయించి, సాధన చేయించి పలికించినా, పంజాబీ సిపాయి మాల్ సింగ్ 1916 డిసెంబరులో తన కథను మూడో మనిషి కథలా చెబుతూ ఇంటి వెన్న మీది బెంగనూ, తిరిగి వెళ్లాలన్న ఆరాటాన్నీ పలికాడు. ఉచ్చారణ కోసం చేసిన రికార్డులో మనిషి దొరికాడు.

ఈ సంపదలో తెలుగు గొంతు అరుదు. ‘యుద్ధజాతులు’ అనే వలసపాలకుల సిద్ధాంతం పదాతిదళాల భర్తీని ఎక్కువగా పంజాబు, నేపాల్, గఢ్వాల్ వంటి ప్రాంతాలవైపు మళ్లించటం ఇందుకు ఒక ప్రధాన కారణం. అయినా రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషులను పంపి మిలిటరీ మాధవరంగా పేరుపొందిన పశ్చిమ గోదావరి గ్రామం వంటివి ఉన్నాయి. అటువంటి ఊళ్లలోని సైనిక కుటుంబాల పాత ఫొటోలపై పని చేసేవారు మొదట చిత్రం చూపకుండా కుటుంబంలో చెప్పుకొనే కథను పూర్తిగా వినాలి, తరువాత చిత్రం ముందుంచి మళ్లీ అడగాలి. చిత్రం జ్ఞాపకాన్ని తనవైపు మలుచుకొనే శక్తి గలది కాబట్టి, రెండు కథనాల మధ్య తేడాను విడిగా రాసిపెట్టాలి. ఫొటో వెనుక సిరా రాత, స్టూడియో ముద్ర, దళం పేరు, గ్రూపు ఫొటోలో పక్కన నిలబడినవారి పేర్లు, వాటిని చెప్పగలిగిన పెద్దలు బతికి ఉన్నప్పుడే నమోదు చేయవలసిన వివరాలు.