పాత కంప్యూటర్ నుంచి తెలుగు ఫైళ్లు

పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఫొటోలు, పాటలు, వీడియోలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. చిక్కంతా యూనికోడ్ రాకముందటి పద్ధతిలో టైపు చేసిన తెలుగు ఫైళ్లతోనే. కథల పుస్తకాలు, చిన్న పత్రికల పాత సంచికలు, సావనీర్లు ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారయ్యాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ ఫైళ్లున్న యంత్రాలు అంతకన్నా పాతవి, ఒక్కొక్కటిగా మూలపడుతున్నాయి.

యంత్రం ఇంకా నడుస్తుంటే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ చాలు. అది ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీకి మించిన ఫైలును తీసుకోదు. ఆన్ కాని యంత్రం మీద కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. పవర్ సప్లయో మదర్‌బోర్డో చెడిపోయినా హార్డ్ డిస్క్ బాగానే ఉండవచ్చు. దాన్ని బయటికి తీసి సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో కొత్తదానికి తగిలించాలి. ల్యాప్‌టాప్ డిస్కుకు యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు సాధారణంగా సరిపోతుంది, డెస్క్‌టాప్ డిస్కుకు విడిగా 12 వోల్టుల అడాప్టర్ కావాలి. మరీ పాతవాటిలో వెడల్పాటి పట్టీ కేబుల్ తగిలించే ఐడీఈ డిస్కులుంటాయి, వాటి కన్వర్టర్ వేరు. ఏ దారిలో తెచ్చినా కాపీ చేయాలే తప్ప కట్ చేయకూడదు. మధ్యలో కరెంటు పోతే కట్ చేసిన ఫోల్డర్ సగం అక్కడ, సగం ఇక్కడ మిగులుతుంది.

ఫైలు చేరినంత మాత్రాన అక్షరం చేరదు. యూనికోడ్‌లో ‘క’ అక్షరానికి 3093 అనే సొంత సంఖ్య ఉంది. ఏ తెలుగు యూనికోడ్ ఫాంట్‌తో తెరిచినా అది ‘క’గానే కనిపిస్తుంది. పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు బొమ్మలను కూర్చాయి. ఫైల్లో నిలవ ఉండేవి ఆ ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలే. ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పేజీ నిండా పొంతన లేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని చెరిపేస్తే అంతకన్నా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే అందులో ఒక్క అక్షరమూ పోలేదు. అందుకే విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని, ఫాంట్ల సాఫ్ట్‌వేర్ సీడీని, లైసెన్సు కీని కూడా వెంట తెచ్చుకోవాలి.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. దాని ఫైళ్లను ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ సీఎస్6 వరకు వెర్షన్లు తెరవగలవు. పాత యంత్రం నడుస్తుండగానే ప్రతి ఫైలునూ ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. పేజీ రూపం దానితో భద్రం. కానీ అందులోంచి వాక్యాన్ని కాపీ చేస్తే మళ్లీ ఆ రోమన్ గజిబిజే వస్తుంది, వెతికితే తెలుగు మాట దొరకదు. పాఠం పనికిరావాలంటే ఫాంట్ కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటే కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని మార్చేస్తుంది. మూలం పక్కన పెట్టుకుని ఒక మనిషి ప్రూఫు చూడక తప్పదు, మూల ఫైలును చెరపకూడదు.

చివరగా పాత, కొత్త డిస్కులు రెండింటిలోనూ ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య సరిచూసి, ప్రతి ఫోల్డర్ నుంచి కొన్నిటిని తెరిచి చదవాలి.

పత్రికలు నడిపినవారు, డీటీపీ సెంటర్ల యజమానులు, రచయితల కుటుంబాలవారు అటక మీది కంప్యూటర్‌ను పాత సామాన్లకు వేసే ముందు దాని హార్డ్ డిస్కును తీసి ఉంచాలి. ఎన్నో పుస్తకాలకు అచ్చు ప్రతి కూడా మిగలలేదు.