కుక్కకి దొరికిన చోటు

పోలెండ్ ప్రభుత్వ టెలివిజన్ 1966–70 మధ్య ప్రసారం చేసిన 'నలుగురు ట్యాంకు సైనికులూ ఒక కుక్కా' సీరియల్ 21 భాగాలూ సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాను. 2006లో, మితవాదులు అధికారంలో ఉన్నప్పుడు, మాజీ సైనికుల సంఘాల అభ్యంతరంతో దాని పునఃప్రసారం ఆగిపోయింది. తరువాత మళ్ళీ వచ్చిందనుకోండి.

ఆ అభ్యంతరం ఉత్తదేమీ కాదు. 1940 నాటి కాటిన్ హత్యాకాండ ఊసే ఇందులో లేదు. ఎర్రసైన్యం ఎప్పుడూ ఆప్తమిత్రుడే.

కానీ నన్ను వేధించింది మరొకటి. ఈ కథలోని పోలిష్ సైన్యంలోనే 1943లో ఎమీలియా ప్లాటర్ పేరుతో మహిళా బెటాలియన్ ఏర్పడింది. సీరియల్లో లిద్కా రేడియో దగ్గర కూర్చుని యానెక్ కోసం ఎదురుచూస్తుంది. మరూస్యా గాయాలకు కట్లు కడుతుంది. ట్యాంకులో చోటు మాత్రం షారిక్ అనే కుక్కకి! చివరికి పెళ్ళిళ్ళు.

1945లో ఎర్రసైనికుల అత్యాచారాలకు గురైన పోలిష్ స్త్రీల గురించి ఆనాటి సెన్సారు మాట్లాడనివ్వలేదు. సీరియల్ ఆపేసినంత మాత్రాన వాళ్ళకి గొంతు వస్తుందా? ఏది చూపాలో 1966లో ప్రభుత్వం నిర్ణయించింది, ఏది చూపకూడదో 2006లో అధికారంలో ఉన్నవాళ్ళ చల్లనిచూపు నిర్ణయించింది. నేనైతే ప్రసారం కావాలంటాను. లిద్కాని చూస్తేనే కదా, ఆమె పక్కన ఎవరు లేరో అడగగలం.