రంగు విరిచే పనివాళ్లు

సోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగు వినపడని సందు అరుదు. తెలంగాణ నుంచి తరాల కిందట వలసవెళ్లిన పద్మశాలీల సాంచాల మీదే సోలాపూర్ చద్దర్లు పేరు తెచ్చుకున్నాయి, భౌగోళిక గుర్తింపూ పొందాయి. మెప్పంతా నేతకే పోతుంది గానీ, కొనేవాళ్ల కన్ను ముందు పడేది రంగు మీద. నేత ఊళ్లకు బాగా తెలిసిన నాఫ్తాల్ అద్దకమే చూడండి. నూలు చిలపను నాఫ్తాల్‌లో నానబెట్టి పిండి, మంచుగడ్డలు వేసి చల్లబరిచిన డయాజో నీళ్లలోకి దించుతారు. అప్పటిదాకా వెలవెలబోయిన పోగు చూస్తుండగానే ఎర్రబడుతుంది. రెండు నత్రజని పరమాణువులు జంటకట్టి అటూ ఇటూ ఉన్న అణువులను కలిపినందువల్ల పుట్టిన ఎరుపు అది. ఆ జంటను అజో బంధం అంటారు.

సరిగ్గా ఆ బంధంతోనే కట్టిన మందు ఒకటుంది, సల్ఫాసలజీన్. పెద్దపేగు లోపొర వాచి, పుండ్లుపడి, నెత్తురు విరేచనాలయ్యే అల్సరేటివ్ కొలైటిస్‌కు ఇస్తారు. పొడి పసుపు నారింజ రంగులో ఉంటుంది. వేసుకున్నవాళ్లకు మూత్రం కూడా నారింజగా వచ్చి గుండె గుభేలుమంటుంది. అద్దకం చేసేవాళ్లకైతే వింతగా తోచదేమో.

1930ల చివర్లో స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ ఫార్మాసియా కంపెనీతో కలిసి దీన్ని కీళ్లవాతం కోసం చేయించారు. సూక్ష్మక్రిములను అణిచే సల్ఫాపిరిడిన్ ఒక పక్క, వాపు తగ్గించే సాలిసిలేట్ ఇంకో పక్క, నడుమ అజో బంధం. కీళ్ల సంగతి అలా ఉంచితే, పెద్దపేగు జబ్బు ఉన్నవాళ్లు తేరుకోవడం ఆమె గమనించారు. 1942లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

నాకు ఈ మందులో నచ్చేది కట్టిన తీరు కన్నా, విప్పే పనిని వేరేవాళ్లకు వదిలేసిన తీరు. సాలిసిలేట్ భాగాన్ని విడిగా మింగితే చిన్నపేగే చాలావరకు పీల్చేసుకుంటుంది, పుండు ఉన్న చోటికి చేరేది కొంచెమే. సల్ఫాపిరిడిన్‌కు కట్టి పంపితే ఎక్కువ భాగం చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా దిగుతుంది. గాలి సోకని ఆ చీకట్లో బాక్టీరియా కాపురం. వాటి అజోరిడక్టేజ్ ఎంజైములు నత్రజని జంటకు ఎలక్ట్రాన్లు అందించి బంధాన్ని తెంపేస్తాయి. రంగు పోతుంది, మందు బయటపడుతుంది. అద్దకంలో రంగు చెడితే హైడ్రోస్ అనే రసాయనం వేసి, వేడి పెట్టి విరిచేస్తారు. అదే పనిని బాక్టీరియా ఒంటి వేడితోనే కానిచ్చేస్తాయి.

ఇది ఊహ కాదని 1972లో పెపర్‌కార్న్, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. పుట్టుక నుంచీ ఒక్క క్రిమీ సోకకుండా పెంచిన ఎలుకల్లో మందు విరగలేదు. వాటికి పేగు బాక్టీరియా ఎక్కించాక విరిగింది. మరి రెండు ముక్కల్లో పనిచేసేది ఏది? 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆజాద్ ఖాన్, పిరిస్, ట్రూలవ్ ఒక్కో ముక్కనూ ఎనీమాగా ఇచ్చి చూశారు. గుణమంతా సాలిసిలేట్ ముక్కదే. సల్ఫా ముక్క మోతగాడు మాత్రమే, పైగా తలనొప్పి, వికారం చాలావరకు దాని పుణ్యమే.

ఇంకో లోపమూ ఉంది. ఈ మందు ఫోలిక్ ఆసిడ్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. అందుకే జతగా ఫోలిక్ ఆసిడ్ మాత్ర రాస్తారు. 1940లలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

తర్వాతివాళ్లు సల్ఫాను తీసేసి, రెండు సాలిసిలేట్లనే అజో బంధంతో కలిపి ఓల్సలజీన్ చేశారు. చూడ్డానికి ఎంత పొదుపైన పని! తీరా అదే కొందరికి నీళ్ల విరేచనాలు తెచ్చిపెట్టింది.

ఇంతకీ ఈ జబ్బులో బాక్టీరియా పాత్ర ఒక్కటే కాదు. వాపును అదుపులో పెట్టే ఇంటర్‌ల్యూకిన్-10 లేని ఎలుకలకు పెద్దపేగు వాస్తుంది. అవే ఎలుకల్ని క్రిముల్లేకుండా పెంచితే వాపు రాదు. అంటే మంటకు కట్టెలు అందించేదీ పేగు క్రిములే. మరోపక్క ఫీకాలిబాక్టీరియం లాంటివి పీచును పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. ఇదే కోవకు చెందిన పేగు వాపు జబ్బు క్రోన్స్‌లో ఈ బాక్టీరియా తగ్గిపోతోందని 2008లో తేలింది. మందు విషయంలోనూ అంతే. విప్పేవాళ్లున్నట్టే చెడగొట్టేవాళ్లూ ఉన్నారు. కొన్ని బాక్టీరియా ఎంజైములు విడుదలైన సాలిసిలేట్‌కు అసిటైల్ తగిలించి నిర్వీర్యం చేస్తాయని, అలాంటివి ఉన్నవాళ్లలో మందు విఫలమయ్యే అవకాశం ఎక్కువని 2023లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చింది. ఒకే మాత్ర ఒకరికి పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయదో వాళ్లవాళ్ల పేగులో చూడాల్సిన కాలం మొదలైంది.