కంపైలరును తూచిన పరీక్ష

సి భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు యంత్రభాషలోనికి మార్చును. అనవసరమని తోచిన పనులను తొలగించి వేగము పెంచుట దాని అలవాటు. కాని బట్టలుతుకు యంత్రములోని మైక్రోకంట్రోలరు, మీట నొక్కబడినదా యని ఒకే చిరునామాను పదే పదే చదువవలెను. అచట పునరుక్తియే ప్రాణము. దానిని తొలగింపరాదని చెప్పుటకే ‘వోలటైల్’ అను పదము కలదు.

ఆ పదము వ్రాసినను కంపైలరు వినునా? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎరిక్ ఐడ్, జాన్ రెగర్ 2008లో ప్రకటించిన పరిశోధన పత్రమునకు ఇదియే విషయము. వారు పరీక్షించిన నాటి 13 కంపైలర్లలో ప్రతి దానియందును తప్పు దొరకినది!

వారి పద్ధతి ఎంత తేలికయో చూడుడు. ఒకే ప్రోగ్రామును మెరుగులు లేకుండ ఒకసారి, మెరుగులతో మరొకసారి యంత్రభాషలోనికి మార్పించి నడిపిరి. ప్రతి వోలటైల్ చలరాశిని ఎన్నిమార్లు చదివినదీ, ఎన్నిమార్లు వ్రాసినదీ లెక్కించిరి. లెక్కలు కలియనిచో రెంటిలో ఒకటియైనను తప్పు. సరియైన జవాబు ముందుగా తెలియనక్కరలేదు. ఒకే లెక్కను రెండు మార్గముల చేయించు గణితోపాధ్యాయులకు ఈ ఉపాయము క్రొత్త కాదు.

అయితే రెండును ఒకే తీరున తప్పినచో ఈ పరీక్ష మౌనము వహించును. పైగా ఆ ప్రోగ్రాములు యంత్రము యాదృచ్ఛికముగ అల్లినవి. మనుష్యులు వ్రాయువానిలో తప్పులెంత తరచో వానివలన తెలియదు. వోలటైల్ వ్రాయుట మరచిన విద్యార్థి కంపైలరును నిందించుటకు ఈ పత్రము సాక్ష్యము కాజాలదు.

చికిత్సగా ప్రతి చదువును, వ్రాతను ప్రత్యేక ఫంక్షను ద్వారా జరిపించిరి. సుమారు 96 శాతము తప్పులు తొలగినవి. కాని ప్రతి పిలుపునకు కొంత కాలము పట్టును. చిన్న మైక్రోకంట్రోలరుకు అది తక్కువ ఖర్చు కాదు.