స్కాట్లండు దేశాచారములు: పరిచయరచనపై నొక విమర్శ

స్కాట్లండు జనుల ఆచారవ్యవహారములను పరిచయము చేయు రచనలు చాలవఱకు నొకే త్రోవను నడచుచున్నవి. మోకాలివఱకు చుట్టిన గళ్లవస్త్రము, చంకనున్న తిత్తి నొత్తుచు నూదెడి వాద్యము, మంచుకొండలు, పాతకోటలు, విస్కీ. వీనిని జెప్పినచో దేశమును జెప్పినట్లే యని వ్రాతరి తలంచును. ఇవి యసత్యములు గావు. అయితే ఊరేగింపునకు దీసిన యుత్సవవిగ్రహమును జూచి గర్భాలయమునందలి మూలవిరాట్టును సేవించితి మనుకొనుట వంటి దీ పరిచయము. పలాస, టెక్కలి, ఉద్దానపు తీరముల పండితులకు ఇది దూరదేశపు ముచ్చటగా దోచవచ్చును. కాని యీ తీరమునకు స్కాట్లండుతో గల సంబంధము చిన్నది కాదు. దాని నావల చెప్పెదను. మొదట నా వస్త్రము సంగతి.

గళ్లవస్త్రము ఉత్తరపు గొండసీమవారిది. దక్షిణపు మైదానవాసుల కది మొదట నన్యవేషమే. 1746లో కల్లోడెను యుద్ధమున గొండసీమదండు ఓడిన పిమ్మట నా వేషమును ప్రభుత్వము నిషేధించెను. 1782లో గాని యా నిషేధము తొలగలేదు. 1822లో నాల్గవ జార్జి రాజు ఎడింబరో నగరమునకు వచ్చినప్పుడు, నవలాకారుడైన వాల్టరు స్కాటు నడపిన స్వాగతోత్సవమున మైదానపు ప్రభువులును దానిని ధరించిరి. ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క గళ్లవరుస యను నిర్ణయము చాలవఱకు నా శతాబ్దమున స్థిరపడినదే. ప్రాచీనప్రతి యాధారమని చెప్పి 1842లో నచ్చువేసిన గళ్లవరుసల గ్రంథము కూటమని తరువాత పరిశోధకులు తేల్చిరి. కూటశాసనములను పరీక్షించి యలవాటుపడిన మనవారికి ఈ కథ రుచించును.

'క్లాను' అను మాటను గోత్రమని తెనిగించుట మఱియొక పొరపాటు. గేలిక్కు భాషలో నా మాటకు సంతానమని యర్థము. పేర్ల మొదట వచ్చు 'మాక్' అనగా కొడుకు. ఐనను నాయకుని భూమిని దున్నుకొని యతని రక్షణలో నుండినవారును, రక్తసంబంధము లేకయే, యతని పేరు పెట్టుకొనిరి. సగోత్రవివాహము మనకు నిషిద్ధము. క్లానులో నట్టి నిషేధము లేదు. మన యింటిపేరు పెక్కుచోట్ల నూరిని జెప్పును. క్లానును క్లాననియే వ్రాసి యొక వాక్యమున వివరించుట మేలు.

నిత్యజీవితమునకు వచ్చునప్పటికి ఈ రచనలు మిక్కిలి పేదవి. స్కాట్లండు సామాన్యుని శతాబ్దముల యాహారము ఓట్ల జావ, ఓట్ల రొట్టె. ఓట్లు యవలు గావు, యవలనగా బార్లీ. చలియు వానయు నెక్కువై గోధుమ చక్కగా పండని నేలలో నోట్లు పండును. 1755లో వెలువడిన తన నిఘంటువునందు ఆంగ్లపండితుడు శామ్యూలు జాన్సను, ఈ ధాన్యము ఇంగ్లండున గుఱ్ఱములకు బెట్టునది, స్కాట్లండున జనులను బోషించునది యను భావము వచ్చునట్లు వ్రాసెను. నిఘంటుకారుడు ఎగతాళి చేయదగునా యను ప్రశ్న యటుండనిండు. చోడియంబలి త్రావి పొలమునకు బోయినవారి మనుమలు దీనిని వెంటనే గుర్తింతురు. వరియన్నము తినువాడు చోళ్లు తినువానిని జూచిన చూపే యది.

అట్టి యెగతాళికి దగిన సమాధానము ఒక కృషీవలుని కొడుకు చెప్పెను. గొఱ్ఱెగుండెను, కాలేయమును, ఊపిరితిత్తులను ఓట్లతోను ఉల్లితోను గలిపి గొఱ్ఱెపొట్టలో నుడికించిన వంటకము 'హాగిస్'. దానిని రాబర్టు బర్న్సు 1786లో స్కాట్సు భాషలోనే కీర్తించి పద్యము వ్రాసెను. నేటికిని అతని జన్మదినమైన జనవరి 25వ తేది రాత్రి ఆ పద్యమును జదివి యా వంటకమును గోయుదురు. ఊరి తిండిని ఊరి పలుకులోనే పొగడుట యతని ప్రజ్ఞ. శ్రీకాకుళమునకు జేరువనున్న పర్వతాలపేటలో 1863లో బుట్టిన గిడుగు రామమూర్తిగారిని, గ్రాంథికమున వ్రాయు మావంటివారును ఇచ్చట దలంపక తప్పదు. స్కాట్సు భాషకు 2025లో గాని చట్టముచే నధికారికస్థానము రాలేదు.

సంవత్సరాంతపు 'హాగ్మనే' పండుగను జెప్పువారు, అర్ధరాత్రి దాటిన పిదప గడప తొక్కు మొదటి మనిషి నల్లజుట్టుగల పురుషుడై బొగ్గును, రొట్టెను, విస్కీని దెచ్చిన శుభమని వ్రాసి యూరకుందురు. ఎదురుశకునము జూచి గడప దాటు మనకు ఇది వింత గాదు. వింత యేమనగా, క్రైస్తవదేశమైనను క్రిస్మసు అచ్చట 1958 వఱకు సార్వజనికమైన సెలవు గాదు. ప్రెస్బిటీరియను సంఘము ఆ పండుగను త్రోసిపుచ్చుటచే జనుల యుత్సాహము నూతనసంవత్సరముపైకి మరలినది. కారణమును విడిచి యాచారమును మాత్రము చెప్పుటవలన నిట్టివి మఱుగుపడుచున్నవి.

ఇక స్కాట్లండువారు మన సీమను వ్రాసిన తీరు చూడుడు. ఎడింబరోలో బుట్టిన పాట్రికు రస్సెలు విశాఖపట్టణమున నుండి పాములను సేకరించి, 1796లో బ్రకటించిన గ్రంథమున కాటుకరేకులపొడ, బంగారుపాము మొదలగు తెలుగుపేర్లనే యుంచెను. కట్లపాముల శాస్త్రనామమైన 'బంగారస్' ఆ తెలుగుమాటనుండి వచ్చినదే. సామర్లకోటలో నుండిన విలియము రాక్సుబరో మొక్కల తెలుగుపేర్లను వ్రాసికొనెను. లూయిసు ద్వీపమున స్టోర్నొవేలో బుట్టిన కాలిను మెకంజీ, ఏలూరివారగు కావలి సోదరుల సాయమున గ్రామకైఫీయతులను సేకరించెను. వీరు కంపెనీ కొలువువారు. పన్నుల లెక్కయు పటముల యవసరమును వారి వెనుక నుండెను. దానిని మఱవరాదు. ఐనను ఊరివారినడిగి వారి మాటనే వ్రాయుట గ్రహింపదగిన పద్ధతి. స్కాట్లండునకు తెలుగున నట్టి కైఫీయతు లేదని నా యాక్షేపణ.

అందు వలసకు బెద్ద ప్రకరణము కావలెను. గొఱ్ఱెలమేపునకై భూస్వాములు నేలను ఖాళీ చేయించగా కొండసీమ రైతులెందఱో కెనడా మొదలగు దేశములకు బోయిరి. పశ్చిమతీరమున క్యాంబెల్టౌనులో బుట్టిన విలియము మెకినను స్థాపించిన యోడల కంపెనీ, 1862నుండి బ్రిటిషిండియా స్టీము నావిగేషను కంపెనీ యను పేర బిలువబడినది. మన తీరపు కూలీలు రంగూనుకు బోయిన త్రోవలలో దాని యోడలు తిరిగినవి. ఆ కంపెనీవారి 'చిల్కా' 1917లో బారువ దగ్గఱ మునిగినది. 1942లో జపానుదండు బర్మాపై బడగా తెలుగువారెందఱో కాలినడకన దిరిగివచ్చిరి. రెండు తీరములకును వలస తెలియును, పరిచయకర్తకే తెలియదు.

ఉద్దానమును గూర్చి వ్రాయు బయటివారును రెండే మాటలెఱుగుదురు. కోనసీమవంటి కొబ్బరితోటల నేల యని యొకరు, మూత్రపిండవ్యాధి సీమ యని యొకరు. రెండును నిజములే. జీడితొక్కరసమునకు చేతులు పొక్కు పలాస స్త్రీలు, నౌపడా యుప్పుమళ్లలో బనిచేయువారు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరిచోట మరల మొక్క నాటి కాపునకై యేండ్లు కాచుకొన్న రైతు వారి కంట బడరు. స్కాట్లండు పట్ల మనము చేయుచున్నదియు నిదియే. మెకంజీ పుట్టిన లూయిసు ద్వీపమున చెట్లు మిక్కిలి తక్కువ. అచ్చటివారు చిత్తడినేలనుండి 'పీటు' అను మన్నును గడ్డలుగా గోసి, వేసవిలో నెండబెట్టి, యేడాదిపొడవునను పొయ్యిలో గాల్చుకొనిరి. ఉద్దానమున నెండుకొబ్బరిమట్టలను బ్రోగుచేసికొన్నట్లే.