ఎర్రనీటి రేవులో ఫ్లాష్ పని

ముక్తేశ్వరం రేవులో నిలబడితే గౌతమికి అవతల కోటిపల్లి. వరద రోజుల్లో ఆ నీళ్లు ఎర్రగా, మడ్డిగా పారుతుంటాయి. మోకాలి లోతులో దిగితే మన పాదమే మనకు కనిపించదు. అక్కడ నీటి అడుగు ఫొటోల మాట ఎత్తితే విడ్డూరంగానే ఉంటుంది. అయినా నీళ్లు వెలుగును ఏం చేస్తాయో తేట సముద్రంలో కన్నా ఈ ఎర్రనీటి ఒడ్డునే తొందరగా బోధపడుతుందని నా నమ్మకం. నీటి అడుగు ఫొటో విద్యకు మూలం ఆ సంగతే.

నీళ్లు ముందు మింగేసేది ఎరుపుని. తేట సముద్రంలోనైనా ఐదు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. ఇంకా కిందికి వెళ్తే ఎర్రటి చేప కూడా బూడిదరంగులోనే కనిపిస్తుంది. పైన ఎండ ఎంత కాసినా ఆ రంగు తిరిగి రాదు కాబట్టి వెలుగును మనమే మోసుకెళ్లాలి. ఆ వెలుగే ఫ్లాష్. అది చేపదాకా వెళ్లి, మళ్లీ లెన్సుదాకా రావాలి. చేప మీటరు దూరంలో ఉంటే వెలుగు దాటాల్సింది రెండు మీటర్ల నీళ్లు. దూరం నుంచి జూమ్ చేస్తే చేప పెద్దదవుతుందేమో గాని రంగు రాదు.

ఈ కష్టం పాతదే. 1893లో ఫ్రాన్స్‌లోని బన్యుల్స్ తీరంలో లూయీ బుటాన్ అనే జీవశాస్త్రవేత్త మెగ్నీషియం మంటతో సముద్రం అడుగున ఫొటోలకు పూనుకున్నాడు. 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటిమీద తెప్ప కట్టి, దానిమీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుగులో నీటి అడుగున తొలి రంగుల ఫొటోలు తీశారు. ప్రాణాలతో చెలగాటమే అది! తర్వాత ఎంఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను సముద్ర అన్వేషకుడు కూస్టో ఓడ ఎక్కించాడు. ఓడవాళ్లు ఆయన్ని ‘పాపా ఫ్లాష్’ అని పిలుచుకునేవారు.

కొత్తవాళ్లు తికమకపడేది షట్టర్ దగ్గర. ఫ్లాష్ మెరిసేది సెకనులో వెయ్యో వంతు, పవర్ తగ్గిస్తే అంతకన్నా తక్కువ. కదిలే రొయ్య మీసాన్ని పట్టి ఆపేది ఆ మెరుపే. షట్టర్ చేతిలో ఉండేది చుట్టూ ఉన్న పగటి వెలుగు. 1/60 పెడితే వెనక నీళ్లు వెలుగుతాయి, ఈదే చేప వెంట మసక చార పడుతుంది. 1/250 పెడితే వెనకంతా చీకటై చేప ఒక్కటే నిలుస్తుంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి నడిచే వేగానికి హద్దు ఇంచుమించు అక్కడే. దాటితే ఫొటోలో ఒకవైపు నల్లపట్టీ పడుతుంది. ఎపర్చర్ మారిస్తే మాత్రం ఫ్లాష్ వెలుగూ, పగటి వెలుగూ రెండూ మారతాయి.

ఇక మడ్డి సంగతి. ధనుర్మాసపు మంచులో బండికి హైబీమ్ వేస్తే దారి మాయమైనట్టే, లెన్సు పక్కనే ఫ్లాష్ పెడితే నలకలన్నీ తెల్లచుక్కలై మెరుస్తాయి. ఫ్లాష్‌ను పక్కకు జరిపి, వెలుగు అంచు మాత్రమే చేపను తాకేలా తిప్పుకోవాలి.

అంత చేసినా వరద గౌతమిలో ఫొటో రాదు. ఆ నీటిలోకి దిగడం ప్రమాదం కూడా. ఇలాంటి నదుల దగ్గర చేపల శాస్త్రవేత్తలు పట్టే దారి వేరు: ఒడ్డునే సన్నపాటి గాజు తొట్టె. మన పెద్దలు తాగునీటిని ఇండుపగింజ అరగదీసి తేర్చేవారు. తొట్టెకు అదేమీ అక్కర్లేదు. రాత్రంతా బిందెలో నిలవుంచిన ఏటినీటి పైతేట వంచుకుంటే చాలు. వలలో పడిన బొమ్మిడాయిని అందులో వదిలి, వెనకనుంచి ఇంకో గాజుపలకతో మెల్లగా ముందుకు జరపాలి. లెన్సు చుట్టూ నల్లగుడ్డ కట్టి గాజుకు తిన్నగా ఆనించాలి. ఫ్లాష్ పైనుంచి, కాస్త ఏటవాలుగా. అప్పుడు కనిపిస్తాయి, మూతి కొసన గొట్టాల్లాంటి ముక్కురంధ్రాలు, వీపు పొడవునా చిన్నచిన్న ముళ్లు, ఒంటిమీద గోధుమరంగు మచ్చలు. పరిగెల్లాంటి వెండిపొలుసు చేపలకైతే ఫ్లాష్ ముందు పల్చటి తెల్లగుడ్డ అడ్డం పెట్టాలి, లేకపోతే పొలుసులు తెల్లగా కాలిపోతాయి.

తర్వాత రుషికొండలోనో అండమాన్‌లోనో సముద్రంలోకి దిగాలనుకుంటే ముందు స్కూబా శిక్షణ, ఆ తర్వాతే కెమెరా.

అలాగని తొట్టె ఫొటోను తక్కువగా చూడకూడదు. చేప చచ్చిన కాసేపటికే రంగు మారిపోతుంది, ఫార్మలిన్‌లో వేస్తే మచ్చలు కూడా వెలిసిపోతాయి. బతికున్న చేప రంగును ఉన్నదున్నట్టు నిలిపేది ఈ మెరుపే. అందుకే ఫొటో తీశాక చేపను ఏట్లో వదిలేసి, తేదీ, రేవు పేరు, నీటి తీరు, మన జాలర్లు ఆ చేపను పిలిచే పేరు ఫొటో వెంటే రాసిపెట్టుకోవాలి.